నేను గీసిన పటంలో ఒక గది

తొమ్మిదేళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. నాతో పీహెచ్‌డీ చేయించిన మేడంగారికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. అంతా విన్నాక నన్ను ఓదార్చకండి. నేను అందుకు రాయడం లేదు.

ఒక భవనంలోనో, ఒక యాప్‌తోనో మనుషులు నిజంగా ఎలాంటి అనుభవం పొందుతున్నారో కనుక్కోవడం నా చదువు. వినడానికి బాగుంటుంది కదా? పరిశోధన కోసం హైటెక్ సిటీలో పన్నెండంతస్తుల అద్దాల భవనం ఒకటి ఎంచుకున్నాను. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళను అందరూ అడుగుతారు, నేను ఆ భవనాన్ని తుడిచేవాళ్ళను అడుగుతానన్నాను. ఆ ఆలోచన వచ్చినందుకే నాకు కాస్త పొగరు కూడా ఉండేది. నాలుగు నెలలు కొండాపూర్ హాస్టల్ నుంచి రోజూ వెళ్ళి వాళ్ళ వెంట తిరిగాను.

యాదమ్మ అక్కడే పరిచయమైంది. బోరబండ నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, షుగరు. రెండు అంతస్తుల బాత్రూములు ఆమె ఒక్కతే కడిగేది. అంగీకార పత్రం నేనే చదివి వినిపించాను. మీ పేరు ఎక్కడా రాదు, మీకు ఏ ఇబ్బందీ కలగదు అని. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

ఆ భవనంలో వాళ్ళు కూర్చోవడానికి చోటు లేదు. సోఫాలు బోలెడున్నాయి, కానీ వాటిని తుడవాలి తప్ప కూర్చోకూడదు. ఒక మధ్యాహ్నం యాదమ్మ నా చెయ్యి పట్టుకుని ఐదో అంతస్తులో సర్వీస్ లిఫ్టు వెనకనున్న ఏసీ మెషిన్ల గదిలోకి తీసుకెళ్ళింది. లోపల చెవులు పగిలే హోరు. ఆ హోరు వల్లే అటు ఎవరూ రారు. నేలమీద అట్టపెట్టె ఒకటి విప్పి పరిచారు. నలుగురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని డబ్బాలు విప్పుకుని తింటున్నారు. నాకూ పచ్చిపులుసు అన్నం పెట్టారు. తిన్నాక యాదమ్మ గోడకు ఆనుకుని పది నిమిషాలు కళ్ళు మూసుకుంది. రోజు మొత్తంలో ఆమె మోకాళ్ళకు దొరికే విశ్రాంతి అంతే.

లేచేటప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి, "గీ ముచ్చట మాత్రం రాయకు బిడ్డా. సార్లకు తెలిస్తే ఇది గూడ ఉండనియ్యరు" అంది. రాయను అన్నాను. అంతవరకు రికార్డయింది చెరిపేసి, రికార్డరు ఆపేశాను. ఆపి, ఆమెకు చూపించాను కూడా.

ఆ సాయంత్రమే అంతా రాసేశాను. నా తెలివి చూడండి: ఆమె చెప్పింది రికార్డులో లేదు, కాబట్టి అది ఇంటర్వ్యూ కాదు. నేను కళ్ళతో చూసింది నా పరిశీలన, దానికి ఆమె అనుమతి అక్కర్లేదు. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుని, భవనం పటం గీసి, అందులో ఆ గదిని ఎర్రరంగుతో చూపించి, వాళ్ళు తింటున్నప్పుడు ఫోన్‌తో తీసిన ఫొటో పక్కన పెట్టాను. నాలుగు నెలల్లో నాకు దొరికినవాటిలో అదే అన్నిటికన్నా గొప్ప సంగతి. దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు.

భవనంలో తిరగనిచ్చినందుకు చివర్లో యాజమాన్యానికి నా పరిశోధన చూపించాలని ఒప్పందం. చూపించాను. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న పెద్దమనుషులు ఆ పటం దగ్గర తలలెత్తారు. అది ఏ అంతస్తని ఒకాయన అడిగాడు. గుర్తులేదనొచ్చు. చెప్పకూడదండీ, అది మా నియమం అనొచ్చు. "ఐదో అంతస్తండీ" అన్నాను. ఉత్సాహంగా అన్నాను. వాళ్ళు చూసి నాలుగు కుర్చీలు వేయిస్తారనుకున్నానా? లేక అలా అనుకున్నానని తర్వాత కల్పించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వారం తిరిగేసరికి ఆ గదికి తాళం పడింది. మిగిలిపోయిన ఒకటి రెండు ఇంటర్వ్యూల కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు, కింద పార్కింగ్‌లో చెత్త వేరుచేసేచోట యాదమ్మ నిలబడి డబ్బా పట్టుకుని తింటోంది. నన్ను చూసి ముఖం వికసించింది.

"ఎవలో చెప్పిన్రట బిడ్డా. గిన్నేండ్లు ఎవ్వల కంట్ల పడలే."

నేను బ్యాగులోంచి ఇంటర్వ్యూ కాగితాలు తీసి సర్దుకోసాగాను.

"నువ్వు సదువుకున్న పిల్లవు. సార్లు నీతోని మంచిగ మాట్లాడ్తరు. జర అడుగవా? కిందికి వచ్చి పోయేదాంట్లనే టైమంత అయిపోతుంది. కాళ్ళతోని మస్తు పరేషాన్ అయితుంది."

"అడుగుతానమ్మా. తప్పకుండా అడుగుతాను."

"గంతే చాలు. తిన్నవా నువ్వు?"

అడగలేదు. అడిగితే, మీరే కదమ్మా చూపించింది అంటారు. ఆ మాట ఎలాగోలా ఆమె చెవిన పడుతుంది. పటం గీయడం తొందరపాటని సర్దుకోవచ్చు. అడగకపోవడం మాత్రం తెలిసి చేసింది. పై అంతస్తులో ఆ ఆఫీసు తలుపు ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. తర్వాత రెండు నెలలకు యాదమ్మ పని మానేసిందని, కాళ్ళు వాచిపోయాయని ఆమెతో పనిచేసే ఒకామె చెప్పింది. అయ్యో అన్నాను.

నాకు డాక్టరేట్ వచ్చింది. ఏ సదస్సులో మాట్లాడినా ఆ గది ఫొటోనే మెచ్చుకున్నారు. ఫొటోలో ముఖాలు కనబడవు, ఆమె పేరు మార్చాను, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. చోటు ఒక్కటే మార్చలేదు. ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతున్నాను. మనల్ని నమ్మి మాట్లాడేవాళ్ళకు మనవల్ల హాని జరగకూడదని ఏటా మొదటి క్లాసులోనే చెబుతాను. మొన్న ఒకమ్మాయి ఆ ఫొటో చూసి, "ఆ గది ఇంకా ఉందా మేడమ్?" అని అడిగింది.

"ఉంది" అన్నాను. గది ఎక్కడికి పోతుంది?

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. బోరబండ ఇక్కడికి ఎంత దూరమని? ఒక పూట తిరిగితే ఆమె ఇల్లు దొరకకపోదు. తిడుతుందని కాదు నా భయం. వాకిట్లో నన్ను చూసి మళ్ళీ ఆ రోజులాగే "తిన్నవా" అంటుందని భయం. అందుకే వెళ్ళలేదు, వెళ్తానని మీకు మాట ఇవ్వను కూడా. ఒకసారి ఇచ్చిన మాట ఏమైందో చూశారుగా.

రాసినందుకు ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. ఎవలో చెప్పిన్రట అని యాదమ్మ ఇప్పటికీ అనుకుంటూనే ఉండి ఉంటుంది. ఆ ఎవరో నేనే.