ఆ పూట నేను మగ్గం ఆపలేదు

"నా బిడ్డను ఒక్కసారి చూపించండి అత్తయ్యా. తర్వాత మీరేం చెప్పినా వింటాను."

"నీ బిడ్డ ఈడ లేదు. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

"మరి ఆ దండెం మీద గౌను ఎవరిది?"

"పక్కింటి పోరిది. ఏం, గౌన్లు రంగూన్‌లనే కుడ్తరా?"

"రెండు నెలల్లో తీసుకొస్తానని చెప్పి మీ అబ్బాయి పిల్లను ఓడెక్కించాడు. రెండేళ్లయింది. ఒక్క ఉత్తరం లేదు. మీరూ ఒక బిడ్డను కన్నారు కదండీ."

"కన్న గాబట్టే జెప్తున్న. వచ్చిన తొవ్వనే పో."

పన్నెండేళ్లుగా ఈ మాటలు మోస్తున్నాను. నూలు మూట బరువైతే ఎవరి ఇంటి ముందో దించి కాసేపు కూర్చోవచ్చు. దీన్ని దించే జాగా దొరకలేదు. నువ్వెవరివో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నాను. నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితాలు పారెయ్యకుండా దాచుకుంటాను, వాటి వెనక రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకొని చదువు. రెండేళ్లే బడికి పోయాను.

మాది నారాయణపేట. పెనిమిటి పోయాక నేనే మగ్గం మీద కూర్చున్నాను. ఉన్న ఒక్క కొడుకు పని వెతుక్కుంటూ రంగూన్ పోయాడు. అక్కడే ఒకామెను పెళ్లి చేసుకున్నాడు. ఆమె నాయిన కోస్తా నుంచి పోయిన కూలి, తల్లి అక్కడి మనిషి. ఆడపిల్ల పుట్టింది. తర్వాత మొగుడూ పెళ్లాలకు పడలేదు. ఆ సంగతి వాడు నాకు రాశాడు. అప్పుడు నేను నా చేత్తోనే జవాబు రాశాను. దాన్ని వదిలిపెట్టు, పిల్లను పట్టుకొని రా అని. నా రెండేళ్ల చదువు అందుకు పనికొచ్చింది.

వాడు పిల్లను తెచ్చి నా ఒళ్లో వేసి షోలాపూర్ మిల్లుకు పోయాడు. మళ్లీ పెళ్లి చేసుకొని అక్కడే ఉండిపోయాడు. పిల్లకు అప్పుడు నాలుగేళ్లు. నేను ఇంకో పేరు పెట్టాను. నూలు కండెలు చుట్టడం నేర్పాను. అమ్మ కావాలని ఏడిస్తే, పిల్లల్ని ఎత్తుకపోయేటామె తిరుగుతాందని బెదిరించాను. ఎత్తుకొచ్చింది మేము. ఎత్తుకపోయేది మాత్రం తల్లి అని చెప్పాను.

ఆ రోజు పొద్దెక్కాక ఎదురింటామె ఉరుక్కుంటూ వచ్చి, రంగూన్ నుంచి ఎవరో మీ ఇల్లు అడుగుతాందని చెప్పింది. దాచడానికి ఇంట్లో చోటేది? ఉన్నది ఒకటే అర్ర, అందులో మగ్గం. కాళ్లు పెట్టుకునే గుంతలోకి పిల్లను దించాను. ఎత్తుకపోయేటామె వస్తాంది, కిక్కురుమనకని చెప్పి, పైన కూర్చొని కాళ్లు దించి నేయడం మొదలుపెట్టాను. ముందర పరిచిన పడుగు దారాలు, మీద నా చీర కుచ్చెళ్లు. లోపల ఆరేళ్ల పిల్ల ముడుచుకొని ఉందని ఎవరికీ తెలియదు.

ఆమె గడప దాటి వచ్చి మగ్గం పక్కనే నేల మీద కూర్చుంది. ఆమెకూ పిల్లకూ మధ్య బారెడు దూరం లేదు. పైన రాసిన మాటలన్నీ అక్కడ అనుకున్నవే. పోనని అంది. ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతానని అంది. తిరిగితే నిజం దొరుకుతుంది, పిల్ల నా దగ్గరుందని అందరికీ తెలుసు. ఉన్నట్టుండి ఆమె చిట్టీ, చిట్టీ అని పిలిచింది. గట్టిగా కాదు, నిద్రలేపినట్టు పిలిచింది.

గుంతలో పిల్ల నా కాలి బొటనవేలు పట్టుకుంది.

ఆ పట్టు ఎలాంటిదో ఇప్పటికీ నాకు తేలలేదు. భయపడి పట్టుకుందా? గొంతు గుర్తుపట్టి, పోనా అని అడిగిందా? నేను కాలు ఎత్తి ఉంటే చాలు. మగ్గం ఆగితే చాలు, ఆ ఇంట్లో ఇంకో చప్పుడు వినబడేది. నేను తొక్కుతూనే ఉన్నాను, ఆ చెయ్యి నా వేలుతో పాటు పైకీ కిందికీ ఊగుతూ ఉంది.

అప్పుడు అన్నాను. "నీకు జెప్పొద్దనుకున్న. పోయిన ఎండాకాలం అమ్మవారు పోసి పోయింది నీ బిడ్డ. వాగు అవతల పెట్టినం."

ఆమె ఏడవలేదు. ఏ పక్కన పెట్టారని అడిగింది. దారం విసిరే నాడె పట్టుకున్న చేత్తోనే చూపించాను. సాయంత్రం దాకా ఆ వాగు ఒడ్డున కూర్చుందనీ, ఇంత మట్టి కొంగున కట్టుకొని స్టేషన్ బండి ఎక్కిందనీ ఎదురింటామె చెప్పింది. ఆ చోట ఎవరినీ పెట్టలేదు. అది ఉత్త మట్టి.

ఎందుకు చేశాను? పిల్ల మీద ప్రేమ అని చాలా ఏండ్లు నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ ఉండింది, కాదనను. కానీ కండెలు చుట్టే చెయ్యి పోతుందన్న ఫికర్ కూడా ఉండింది, ఒక్కదాన్నే ముసలిదాన్ని అవుతానన్న భయమూ ఉండింది. ఏది ఎంతో నాకు తెలియదు. ఆ తర్వాత కొన్నేండ్లకు రంగూన్ నుంచి మనవాళ్లు ఓడల నిండా తిరిగి వచ్చారని విన్నాను. ఆమె వచ్చిందో లేదో. వచ్చినా మా ఇంటికి ఎందుకు వస్తుంది? ఆమె బిడ్డ ఆమె కొంగులోనే ఉంది.

నా మనుమరాలు ఇప్పుడు కడుపుతో కాన్పుకు వచ్చింది. కండెలు చుడుతుంది. మగ్గం మీద మాత్రం ఏనాడూ కూర్చోలేదు. ఎందుకని నేను అడగలేదు. మొన్న తన తల్లి ఎట్లుండేదని అడిగింది. నేను చూడలేదన్నాను. ఆ అబద్ధం చెప్పిన దగ్గర నుంచే ఇది రాస్తున్నాను. ఈ కాగితం మనుమరాలికి ఇచ్చే ధైర్యం ఉందో లేదో ఇంకా తెలియదు. తప్పు మాఫీ అవుతుందని రాయలేదు. పన్నెండేళ్లు నాలో ఉన్నది ఇప్పుడు కాగితం మీద ఉంది, అంతే.

ఒకటి మిగిలింది. పిల్ల తల్లి వెళ్లిపోయిన మర్నాడు పొద్దున చల్ల అమ్మే ఆమె గడప దగ్గర నిలబడి, అమ్మా అని పిలిచింది. పిల్ల చేతిలోని కండె కింద పెట్టి, నేను చెప్పకముందే మగ్గం గుంతలోకి దిగి ముడుచుకుంది. నేను చల్ల పోయించుకున్నాను. పోయి మగ్గం మీద కూర్చొని, పిల్లకు తగలకుండా కాళ్లు దించి, నేయడం మొదలుపెట్టాను.