గొర్రెకిచ్చిన పిల్ల

గిట్ల కూసో బిడ్డా. అటిటు సూడకుంట ఇను, ఇన్నది ఇన్నట్టు రాయి. నువ్వు ఎండకేసిన ఆ గొంగడి వాసనకు మా నాయిన యాదికొచ్చిండు.

నిజాం కాలం ముచ్చట. మాది కోడేరు దిక్కు, నాయిన గొర్లు కాస్తుండె. ఒక చలికాలం నేను ఏడ్చి మొత్తుకొని ఆయనెంబడి గుట్టకు పోయిన. పొద్దుగూకే యాళ్లకు ముసురు పట్టింది, మంచు కమ్మింది. చలికి నా పండ్లు టకటక కొట్టుకున్నయి.

"ఇంటికి పోదాం నాయినా" అన్న.

"చలితోని పంతమొద్దు బిడ్డా. తొవ్వ కానొస్తలేదు, దిగితే ఆగమైతం" అని బండ సాటుకు మందను జమజేసిండు. నా తడి లంగ ఇప్పి, గొంగడి సుట్టి, పెద్ద గొర్రె పొట్టకు ఆనిచ్చి పండవెట్టిండు.

నేను గభాల్న లేసి నాయిన చెయ్యి వట్టుకున్న. ఎందుకంటవా? తల్లి సచ్చిన గొర్రెపిల్లను నాయిన గట్లనే ఇంకో గొర్రె పక్కన పండవెట్టి, సాదుకొమ్మని ఇస్తుండె.

"నాయినా, నాకు అమ్మున్నది! నన్ను గొర్రెకియ్యకు!"

ఆయన పడిపడి నవ్విండు. "నీ అసొంటి మొండిదాన్ని ఏ గొర్రె సాదుతదే?"

గొర్రె పొట్ట పొయ్యి లెక్క ఎచ్చగుండె. ఏడ్సుకుంటనే నిద్రవోయిన.

తెల్లారి ఎండ పొడిసింది. అమ్మ పరేషానై గుట్టెక్కొచ్చి నన్ను ఎదకు అదుముకున్నది. తెచ్చిన అంబలి నాకే పోస్తదనుకున్న. ముందుగాల ఆ గొర్రెకు పెట్టి, దాని తల నిమిరి, "ఒక్క రాత్రన్న నా బిడ్డకు తల్లివైతివి" అన్నది. గప్పటిసంది నేను ఆ గొర్రెను అమ్మా అని...

ఆఁ, వస్తున్ననే! లే బిడ్డా, బువ్వ సల్లారుతుందని మీ అమ్మ ఒర్లుతుంది.