రూతు తీసింది ర్యామ్‌ని, రాముడి పటాన్ని కాదు

నిన్న పొద్దున స్టెల్లా ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మ పోయింది."

"యాడికి?" అన్నాను.

ముళబాగిలు బస్టాండులో నిలబడి, నా చెల్లెలు ఎక్కడికి పోయిందని అడిగాను. అటునుంచి ఏడుపు వినిపించాకే అర్థమైంది.

గుండె ఆగిందట. నాకన్నా చిన్నది. ఇదేం న్యాయం?

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, రూతు కూతురు స్టెల్లా టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా మార్చొద్దన్నాను.

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఒక ధాన్యం అంగట్లో బిల్లులు కొట్టేది మా రూతు. ఆ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయేది, మళ్ళీ దానంతట అదే లేచేది. సగం కొట్టిన బిల్లు పోయేది. కస్టమర్లు రూతునే తిట్టేవాళ్ళు.

మూతపడ్డ బంగారు గనుల సయనైడ్ దిబ్బల దుమ్ము ఫ్యాన్‌లో చేరి వేడెక్కుతోందేమోనని మూత విప్పి బ్రష్‌తో తుడిచింది. ఆగలేదు. తర్వాత ర్యామ్ మీద అనుమానం. అది లోపల గుచ్చే చిన్న పట్టీ అట. తీసి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెట్టాలట.

సరిగ్గా అప్పుడే షావుకారు వాళ్ళమ్మ వచ్చింది.

"ఏమి చేస్తా ఉండావు రూతూ?"

"ర్యామ్‌ని తీసేసినానమ్మా. ఈ కాటం, ఈ ఆరిపోయే తిప్పలంతా దానివల్లేనేమో."

పెద్దావిడకి రాముడని వినిపించింది. గోడవైపు చూసింది. రాముడి పటం ఉండే మేకు ఖాళీగా ఉంది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ సాయంత్రం మార్కెట్లో ఎవరూ నవ్వలేదు. చర్చికి పోయే మనిషి రాముణ్ణి తీసి పారేసిందన్నారు.

అద్దం పగిలిందని ఆ పటాన్ని ఫ్రేముల అంగడికి ఇచ్చింది షావుకారే.

ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. "కొన్నాళ్ళు ఇంటికాడ ఉండమ్మా" అని రూతును పంపేశాడు.

నేను వెళ్ళి అడిగాను.

"ఏమప్పా, పటం తీసుకొని పోయింది నువ్వే కదా? నోట్లో వక్కాకు పెట్టుకోనుండావా?"

"అందరూ నమ్మేసినారమ్మా. ఇప్పుడు చెప్తే నన్నే నవ్వుతారు. ఇంగ వదిలేయ్."

వదలను.

రూతు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు. కూరగాయలకి కూడా ఆండర్సన్‌పేట పోయేది.

మార్కెట్‌కి తెలియని సంగతి ఇంకొకటుంది. ర్యామ్ తిరిగి పెట్టినా మిషన్ ఆరిపోతూనే ఉంటే, ఆ మధ్యాహ్నమే రూతు ఇంటికొచ్చి, స్టెల్లా కంప్యూటర్‌లోని పవర్ సప్లై డబ్బా విప్పి తీసుకెళ్ళి అక్కడ బిగించింది. ఇంక ఆరలేదు. తప్పు పాత డబ్బాది. షావుకారు బెంగళూరులో ఏరి తెచ్చి గొప్పలు చెప్పుకున్న డబ్బా అది.

నేటికీ ఆ అంగడి నడిచేది మా రూతు ఇంటి డబ్బాతోనే.

ఇప్పుడు పూలదండతో సమాధికి వస్తానని కబురు పంపాడు.

షావుకారూ, విను. రావాలంటే ముందు నీ అంగడి మెట్ల మీద నిలబడి, పటం తీసింది నేనేనని గట్టిగా చెప్పు. నీ నోరు లేవకపోతే నువ్వు రావద్దు. నేనే వస్తాను.

అంగడి నిండా జనం ఉన్నప్పుడు వస్తాను. స్టెల్లాకి స్క్రూలు విప్పడం వచ్చు. స్క్రీన్ నల్లబడ్డాక ఏమైందని జనం అడుగుతారు.

అప్పుడు నేను చెబుతాను.

రూతూ, నువ్వు నిద్రపో తల్లీ. పోట్లాట నాకు వదిలెయ్. ఎవరూ నిన్ను వేలెత్తి చూపని చోట, ప్రభువు దగ్గర, నీ మనసు చల్లగా ఉండాలి.