వెనకవాళ్ల హారన్

డిపోలో ఆయన్ని నిదానం అని పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఊళ్లో తిరిగే బస్సులన్నిటిలోకీ ఆయన బస్సే ఆలస్యంగా వచ్చేది. కాని ఆయన బస్సులో నిలబడ్డ ముసలమ్మ ఎవరూ ఎప్పుడూ తూలిపడలేదు. వెనక ఎవరు ఎంత హారన్ కొట్టినా ఆయన మెడ తిప్పేవాడు కాదు.

“వెనకవాళ్లకి తొందర ఉంటుంది. ముందున్నది మనం,” అనేవాడు.

ఒక్క శబ్దానికే ఆయన తలవంచేవాడు. కండక్టరు తాడు లాగితే మోగే బెల్లుకి. ఒకసారి మోగితే ఆగాలి. రెండుసార్లు మోగితే కదలాలి. ఎందుకని అడగకూడదు. ఆగాక అడగొచ్చు.

ఏటా జరిగే కళ్ల పరీక్షలో ఈసారి డాక్టరు ఆయన ఎడమ కన్ను దగ్గర చాలాసేపు ఆగింది. పక్కచూపు తగ్గిందని రాసింది. ఆయన్ని స్టీరింగు మీంచి దించి, బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో గొడుగులు ఎక్కువ. ఒంటి చెప్పులు, అన్నం డబ్బాలు, ఒక పళ్ల సెట్టు. పళ్ల సెట్టు కోసం ఎవరూ రాలేదు. గదికి కిటికీ ఉంది. కిటికీ అవతల గోడ ఉంది. బస్సులు కనపడవు. వినపడతాయి.

ఇంట్లో భోజనానికి కూర్చుంటే బల్ల కింద ఆయన కాళ్లు ఊరుకునేవి కావు. కుడికాలు కాస్త ముందుకి, ఎడమకాలు కాస్త వెనక్కి. ఆ చప్పుడు విని భార్య, “ఏ స్టాపు దాకా వచ్చాం?” అని అడిగేది.

ఆవిడ ఒక దర్జీ షాపుకి ఇంట్లోనే కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుంది, గుండీలు పెడుతుంది. ముందుగదిలో ఒక మూల ఆవిడ కుర్చీ, దీపం, చొక్కాల గుట్ట. ఇంకో మూల ఖాళీ. ఒక ఆదివారం ఆవిడ తమ్ముడు వచ్చి ఆ ఖాళీలో ఒక కంప్యూటరు పెట్టాడు. అతనిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. దానికొక పిడి తగిలించాడు, నేల మీద రెండు పెడళ్లు పెట్టాడు.

“ఏంట్రా ఇది?”

“విమానం, బావా. బస్సుకంటే సుఖం. ఎదురు ఎవడూ రాడు.”

“లైసెన్సు?”

“అక్కర్లేదు.”

“కళ్ల పరీక్ష?”

“బావా, ఇది ఆట.”

ఆట అన్న మాట ఆయనకి నచ్చలేదు. కాని పెడళ్లు చూశాక కూర్చోకుండా ఉండలేకపోయాడు.

“ఇది ఆపాలంటే ఎలారా?”

“గాల్లో ఆపడం ఉండదు బావా. దిగేటప్పుడు ఏదైనా తేడా అనిపిస్తే పవరంతా ఇచ్చి పైకి లేవడమే. చుట్టు తిరిగి మళ్లీ రావడమే.”

“స్టాపు తప్పిపోతే మళ్లీ ట్రిప్పులో ఎక్కించుకున్నట్టా?”

“అచ్చం అంతే.”

తెర మీద విమానాలు నడిపేవాళ్లంతా కలిసి పెట్టుకున్న విమాన సంస్థ ఒకటి ఉందని కూడా బావమరిదే చెప్పాడు. విమానాలు లేవు, ప్రయాణికులు లేరు. పైలట్లు ఉన్నారు, టైంటేబులు ఉంది. టైంటేబులు అనగానే ఆయన పిడి వదిలి ఇటు తిరిగాడు.

ఆ సంస్థలో ఒక పశువుల డాక్టరు, ఒక లెక్కల టీచరమ్మ, ఒక తాళాలు చేసేవాడు ఉన్నారు. ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు. అందరూ అందర్నీ కెప్టెన్ అంటారు. వంతులేసుకుని టవరులో కూర్చుని, ఎవరు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో చెప్పుకుంటారు. కొత్తవాళ్లు ఒక ప్రయాణం పరీక్షగా నడిపి చూపించాలి. రెండు అవకాశాలిస్తారు. రెండూ పోతే ఏడాదిదాకా మళ్లీ అడగకూడదు. పరీక్ష పెట్టే కెప్టెన్ పళ్ల డాక్టరు. ఆవిడ గొంతు చెవిలో వినపడుతుంది. నోరు తెరవండి అన్నంత మెత్తగా ఇంజన్ స్టార్ట్ చేయండి అంటుంది.

మొదటి పరీక్ష రోజున ఆయన పాత యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు.

“ఎవరు చూస్తారని?” అంది భార్య.

“నాకు కనపడుతుందిగా.”

“పక్కనున్నవాళ్లు ఎవరూ సలహాలు చెప్పకూడదు, మీటలు ముట్టుకోకూడదు,” అని పళ్ల డాక్టరు చెవిలో చెప్పింది. “మీ తెర నాకు కనపడుతుంది. అందులో మోగేవన్నీ నాకూ వినపడతాయి. నేను మాత్రం ఏమీ చెప్పను.”

నేల మీద ఆయన విమానాన్ని ఎంత బాగా నడిపాడంటే ఆవిడ రెండుసార్లు బాగుంది అంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన బొటనవేలు హారన్ కోసం వెతికింది. దొరకలేదు. రన్‌వే మొదట్లో నిలబెట్టాడు. టవరులో ఆ పూట తాళాలాయన ఉన్నాడు.

“దారి ఖాళీ. మీరు లేవొచ్చు.”

విమానం కదల్లేదు.

“క్యాడెట్ గారూ, లేవొచ్చు.”

కదల్లేదు. వెనక ఇంకో విమానం వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి.

“ఏమైందండీ?” అంది పళ్ల డాక్టరు.

“ఇంకా బెల్లు కొట్టలేదండి.”

“ఎవరు?”

ఆయన కిందికి, తన కుడిపాదం వైపు చూసుకున్నాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన పాదం తన ఇష్టంతో కదల్లేదు. వెనకనుంచి రెండు బెల్లులు వినపడితేనే కదిలింది. ఇప్పుడు దారి ఖాళీ అని కంటికి తెలుసు, చెవికి తెలుసు. పాదానికి తెలియదు.

లైను పశువుల డాక్టరు దాకా పెరిగింది. పరీక్ష రద్దు చేశారు. సంస్థ గ్రూపులో ఎవరో, “రన్‌వే మీద బస్టాపు ఎప్పుడు కట్టారు?” అని రాశారు. ఇంకెవరో, “షెల్టర్ కూడా వేయించండి, వర్షాకాలం వస్తోంది,” అని రాశారు.

డిపోలో ఆయన పరీక్ష సంగతి ముందే చెప్పుకుని ఉన్నాడు. టీ దగ్గర కండక్టర్లు చుట్టూ మూగారు.

“ఏం నిదానం, గాల్లో కూడా లేటేనా?”

“గాల్లోకి వెళ్తే కదా లేటో కాదో తెలిసేది.”

నవ్వాడు. టీ తాగకుండా గ్లాసు పక్కన పెట్టి గొడుగుల గదిలోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బల్ల కింద కాళ్లు కదల్లేదు. భార్య రెండుసార్లు కిందికి వంగి చూసింది.

“ఇంకొక్కసారి ఉందిగా,” అంది.

“ఉంది. అదీ పోతే ఇంక నేను కూర్చోడానికి ఆ గదిలో కుర్చీయే.”

ఆవిడ చేతిలో కాజా పూర్తిచేసి, దారం తెంపి, కత్తెర తీసుకుని పక్కనున్న నీళ్లగ్లాసు మీద రెండుసార్లు తట్టింది. టింగ్ టింగ్. ఆయన కుడిపాదం ముందుకి జరిగింది. ఇద్దరూ ఆ పాదం వైపు చూశారు.

“అక్కయ్యా, విమానంలో కండక్టర్లుండరు,” అన్నాడు తమ్ముడు మర్నాడు.

“బెల్లు కొట్టేవాళ్లు లేకుండా మనిషి ఎలా నడుపుతాడ్రా? నువ్వు చెప్పు.”

ఆ రోజునుంచి సాధన మొదలైంది. ఇంజన్ చప్పుడుకి సూదిలోకి దారం ఎక్కడంలేదని ఆవిడ కంప్యూటరు నోరు నొక్కించింది. ఆవిడ రెండు తడితే విమానం లేచేది. ఆవిడకి ఎదురుగానే తెర. గుండీ గుండీకీ మధ్య తలెత్తి చూసేది. లేవడం కుదిరింది, తిరగడం కుదిరింది. దిగడం దగ్గర ఒక చిక్కు వచ్చింది. లేచాక చక్రాలు పైకి ముడవాలి, దిగేముందు మళ్లీ దించాలి. చక్రాలు దిగాయని తెర మధ్యలో మూడు పచ్చదీపాలు వెలుగుతాయి. ఆయన ముడిచేవాడు. దించడం ఒక్కోసారి మరిచిపోయేవాడు. విమానం పొట్ట మీద జారుకుంటూ పోయి గడ్డిలో ఆగేది.

“బావా, నీ బస్సు చక్రాలు ఎటూ పోవు. ఇవి పోతాయి,” అనేవాడు బావమరిది.

“చక్రాలు లేకుండా వస్తున్నానని నాకెలా తెలుస్తుందిరా?”

“అదే అంటున్నా. దీపాలు చూడు.”

“చూస్తా.”

చూసేవాడు. చూడటం మరిచిపోనప్పుడు.

రెండో పరీక్ష ఆదివారం మధ్యాహ్నం. పరీక్షకి శబ్దం తప్పదు. ఆయన హెడ్‌ఫోను కుడిచెవికి పెట్టుకుని ఎడమచెవి భార్యకి వదిలేశాడు. ఆవిడ చొక్కాల గుట్ట ఒళ్లోకి తీసుకుని, గ్లాసు దగ్గరికి జరుపుకుంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు, నోటి మీద చెయ్యి పెట్టుకుని.

దారి ఖాళీ అంది టవరు. ఈసారి అక్కడ లెక్కల టీచరమ్మ ఉంది. టింగ్ టింగ్. విమానం లేచింది. గుమ్మంలో బావమరిది చెయ్యి తీసి గాలి పీల్చుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

అంతా సాఫీగా సాగింది. మబ్బుల్లో కూడా ఆయన ముసలమ్మలు నిలబడి ఉన్నట్టే నడిపాడు. దిగడానికి తిరిగాడు. రన్‌వే తెర మీద తెల్లటి దారంలా కనపడింది. అంతలో లెక్కల టీచరమ్మ, “కాస్త నెమ్మదించండి, ముందు ఒక విమానం ఉంది,” అంది. నెమ్మదించమన్నవాళ్లు ఆయనకి జీవితంలో ఇదే మొదలు. ఆ సంతోషంలో పవరు బాగా తగ్గించాడు.

హారన్ మొదలైంది.

పెద్దది. ఆగకుండా మోగుతోంది. ఆయన భుజాలు వదులయ్యాయి. ఇన్నాళ్లకి విమానంలో ఆయనకి తెలిసిన చప్పుడు ఒకటి వినపడింది. వెనక ఎవడో తొందరపడుతున్నాడు. పడనీ. ఇంకా కాస్త నెమ్మదించాడు. హారన్ ఇంకా మోగుతూనే ఉంది. గుమ్మంలో బావమరిది రెండో చెయ్యి కూడా నోటి మీద పెట్టుకున్నాడు. చెవిలో పళ్ల డాక్టరు ఊపిరి వినపడుతోంది, మాట వినపడటంలేదు.

రన్‌వే దగ్గరకొచ్చేసింది. గడ్డిపరకలు కనపడుతున్నాయి.

టింగ్.

ఒక్కటే. ఆయన కుడికాలు బ్రేకు మీదికి వెళ్లింది. బ్రేకు గాల్లో ఏం చేస్తుంది. ఆ కాలు ఇంకా అక్కడుండగానే చెయ్యి పవరంతా ఇచ్చేసింది, పిడి వెనక్కి లాగింది. విమానం రన్‌వేని ముట్టుకోకుండా పైకి లేచిపోయింది. హారన్ ఆగింది.

ఆగాక అడిగాడు. నోటితో కాదు. తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆవిడ సూదిమొనతో తెర మధ్యకి చూపించింది. అక్కడ దీపాలేవీ లేవు.

చుట్టు తిరిగి వచ్చాడు. మూడు పచ్చదీపాలు వెలిగించుకుని దిగాడు. విమానంలో నిండు గ్లాసు పెట్టినా తొణికేది కాదు. పక్కకి తీసి ఆపాడు.

“క్యాడెట్ గారూ,” అంది పళ్ల డాక్టరు, “చక్రాలు దించలేదని అంత హారన్ మోగుతుంటే వినపడలేదా?”

“వినపడిందండి.”

“మరి?”

“వెనకవాళ్లది అనుకున్నా.”

చెవిలో ఎవరో అరచేత్తో నోరు మూసుకున్న చప్పుడు.

“సరే. మరి పైకెందుకు లేచారు? దీపాలు చూశారా?”

చూశానంటే అయిపోతుంది. గుమ్మంలో బావమరిది గట్టిగా తల ఊపుతున్నాడు, చూశానను అని. ఆయన చొక్కా గుండీ ఒకసారి సవరించుకున్నాడు.

“లేదండి. బెల్లు మోగింది.”

“విమానంలో బెల్లా?”

“గ్లాసండి. మా ఆవిడ.”

“ఆవిడకి ఇవ్వండి.”

హెడ్‌ఫోను భార్య చెవికి మారింది. ఆవిడ దాన్ని జుట్టు చెదరకుండా పెట్టుకుంది.

“నేనేం చెప్పలేదండి. ముట్టుకోలేదు కూడా. ఈపాటికి రోజూ మూడు పచ్చగా ఉంటాయి. ఇవాళ లేవు. ఆపమన్నా, అంతే.”

“మీకు విమానాలు తెలుసా?”

“తెలీదండి. గుండీ లేకపోతే తెలుస్తుంది.”

హెడ్‌ఫోను మళ్లీ ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. గొడుగులు కనపడ్డాయి.

“చూడండి,” అంది పళ్ల డాక్టరు. “హారన్ వినపడనివాళ్లు ఇంతకుముందూ వచ్చారు. ఆపమంటే వాదించేవాళ్లు ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఎందుకు, ఎందుకు అంటూనే నేలకి కొట్టుకున్నారు. మీరు అడగలేదు. పైకి లేచి చుట్టు తిరిగి రావడం మా దగ్గర తప్పు కాదు. చక్రాల్లేకుండా దిగడం తప్పు. మీరు దిగలేదు.”

“అయితే...”

“పాసయ్యారు. కాని మీ ఒక్కరి చేతికే విమానం ఇవ్వను. కండక్టరు పక్కనుండాలి.”

“ఆ మాట ఆవిడకి కూడా చెప్తారా?”

“మీరే చెప్పుకోండి.”

తర్వాతి ఆదివారం టైంటేబుల్లో మొదటిసారి ఆయన ప్రయాణం పడింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని రన్‌వే మొదట్లో నిలబెట్టాడు. దారి ఖాళీ అన్నాడు తాళాలాయన. వెనక పశువుల డాక్టరు వచ్చి ఆగాడు, ఆయన వెనక ఇంకెవరో.

“ఏమండీ, ఒక్క నిమిషం,” అంది భార్య. పెదాల మధ్య దారం ఉంది. “కాజా మధ్యలో ఉంది.”

“కానివ్వు,” అన్నాడాయన.

కెప్టెన్, దారి ఖాళీ అని మళ్లీ వినపడింది. వెనకనుంచి పశువుల డాక్టరు కూడా ఏదో అన్నాడు. ఆయన మెడ తిప్పలేదు. భార్య కాజా చివర ముడి వేసి, దారం తెంపి, కత్తెర కోసం చొక్కాల కింద వెతికింది.