బసవన్నకు పట్టిన చీమలు

చెంబెడు నీళ్ళతో ఒక ఆడపిల్ల తన కాపురాన్ని ఎంత లోతుకు ముంచుకోగలదో తెలుసుకోవాలని ఉంటే కాసేపు నా పక్కన కూర్చోండి. వరదలూ ఉప్పెనలూ అక్కర్లేదు. మరమూత ఉన్న ఇత్తడి చెంబు ఒక్కటి చాలు.

మా అత్తవారు నాలుగు తరాలుగా బెంగళూరు పేటలో మగ్గం నమ్ముకున్న తెలుగువాళ్ళు. నేనేమో విజయవాడ నుంచి వచ్చి మహదేవపురలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. రఘు నన్ను ఇష్టపడి చేసుకున్నాడు. అత్తయ్య కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు. "ఆఫీసు పిల్ల. మన పద్ధతులు వస్తాయో రావో సూస్తాము" అన్నారట. ఆ చూడటం ఎప్పుడు ముగుస్తుందా అని ఆరు నెలలుగా నేను పరీక్ష ఫలితాలకు ఎదురుచూసినట్టు ఎదురుచూస్తున్నాను.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. ఉగాది వెళ్ళిన తొలి సోమవారం అర్కావతి ఒడ్డు వెంబడి నడిచి, ఏటి నీళ్ళు మరచెంబులో పట్టి, పాత కోట ఉన్న కొండెక్కి, పైన మంటపంలోని రాతి బసవన్నకు అభిషేకం చేస్తారు. కొత్తకోడలు వచ్చిన ఏడు చెంబు ఆవిడే మోయాలి.

"మోస్తావామ్మా? రెండు గంటల ఎక్కుడు ఉండాది" అన్నారు అత్తయ్య ఏటి ఒడ్డున.

"అత్తయ్యా, నేను ఇంద్రకీలాద్రి నీడలో పెరిగినదాన్ని. ఇదీ ఒక కొండేనా?"

కొండంత రాగం అంటే అదే. ఇక పాట వినండి.

కోట మొదటి వాకిలికే నా సీసాలో మంచినీళ్ళు అయిపోయాయి. రెండో వాకిలి చేరేసరికి బండ పెనంలా కాలుతోంది, దాని మీద దోసెను నేనే. అరవై దాటిన అత్తయ్య మాత్రం హవాయి చెప్పులతో, కుచ్చిళ్ళు ఎగదోపి, మామయ్యతో ఎవరిదో పెళ్ళి గురించి కబుర్లాడుతూ ఎప్పుడో మలుపు దాటిపోయారు. రఘు వాళ్ళ వెనకే వెళ్ళాడు.

గోడ నీడలో చతికిలబడ్డాను. ఒళ్ళో చెంబు చల్లగా తగిలింది. దేవుడి నీళ్ళు తాగితే పాపమని నాకు తెలుసు. కానీ నెత్తిన చల్లుకుంటే పుణ్యమే కదా? ఈ శాస్త్రం నాకెవరు చెప్పారని అడక్కండి, దాహమే చెప్పింది. మర తిప్పి ఒక్క దోసెడు చల్లుకున్నాను. ముఖం అలిగింది, దానికో దోసెడు. మెడ మాత్రం ఏం పాపం చేసింది? చివరికి బొబ్బలెక్కిన పాదాల వంతు వచ్చింది. దేవుడి నీళ్ళు కాళ్ళకా అని మనసు అడ్డుపడేలోగా చెంబు వంచేశాను.

నేను రాలేదని వెనక్కొచ్చిన రఘు చెంబు పైకెత్తి ఊపి చూశాడు.

"ఖాళీ!"

"అరవకు. కిందికెళ్ళి మళ్ళీ తెద్దామా?"

"ఏరెక్కడుందో చూడు." జారిపడిన జరీపోగులా ఎక్కడో అడుగున మెరుస్తోంది.

"పోనీ, మీ అమ్మకు నిజం చెప్పేస్తాను."

"చెప్పు. ఏమీ అనదు. పదేళ్ళపాటు ఏమీ అనదు. అదే నా భయం."

తన సీసా తీసి చెంబులో ఒంపేశాడు. నేను కళ్ళు మూసుకుని బసవన్నకు క్షమాపణ చెప్పుకున్నాను.

పైన అత్తయ్య నన్ను ఎగాదిగా చూశారు. "తలంతా తడిసిపోయుండాదే?"

"చెమట, అత్తయ్యా."

"ఇంత చెమటా!"

మామయ్య అభిషేకం చేసి, జారిన నీళ్ళు పట్టి తీర్థం పుచ్చుకున్నారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమప్పా రఘూ, తియ్యగుండాదే! యాభై ఏండ్లుగా వస్తా ఉండాను, ఎప్పుడూ ఇట్లా లేదు. కోడలి చేతి మహిమ!"

నా అరచేతిలో చుక్క నాలుక్కి తగిలింది. అచ్చంగా పాకం.

"ఏం కలిపావు?" అన్నాను రఘుతో, పళ్ళ సందునుంచి.

"గ్లూకోజు. నీకు కళ్ళు తిరుగుతాయేమోనని కాస్త ఎక్కువే వేశాను."

"ముందే చెప్పొద్దూ?"

"చెంబు ఖాళీ చేసేముందు నువ్వు చెప్పావా?"

ఇంతలో బసవన్న ముక్కు మీదికి ఒక నల్లచీమ వచ్చింది. వెనకే దాని బంధువర్గం యావత్తూ దిగింది. "చీమలు గూడా దర్శనానికి వచ్చినాయి!" అని మామయ్య చెంపలేసుకున్నారు. అత్తయ్య వంగి చీమలను చూశారు. తర్వాత నా తడి జుట్టు చూశారు. కొంగుతో బసవన్న ముఖం తుడిచి ఊరుకున్నారు. రఘు చెప్పిన పదేళ్ళు అప్పుడే మొదలయ్యాయనుకున్నాను.

మామయ్య మహిమ సంగతి పేటంతా చాటారు. మరుసటి ఏడు ఏటి ఒడ్డుకు బంధువులు వ్యాను నిండా దిగారు. చెంబు నేనే మోయాలట, నా చేతికే నీళ్ళు తీపెక్కుతాయట! ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు ఇక ఓర్చుకోలేక అత్తయ్యను పక్కకు పిలిచాను.

"అత్తయ్యా, పోయినేడు ఆ నీళ్ళు..."

"సాకు, సాకు" అని కన్నడంలో చాలించమంటూ నోరు మూయించారు. చెంబు నా చేతికిచ్చి, అటూ ఇటూ చూసి, నా సంచిలో గ్లూకోజు పొట్లం ఒకటి జార్చారు. "బసవన్నకి అలవాటైపోయుండాది. ఈసారి రెండు చెంచాలే కలుపు. చీమలు పాపం ఆయన ముక్కు కొరికినాయి."

పరీక్ష ఫలితం వచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అందుకే అర్కావతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎండ ఎంత మండినా, నాలుక ఎంత పిడచకట్టినా, దారిలో దేవుడి చెంబు మర తిప్పనుగాక తిప్పను. గ్లూకోజు కలపడానికి తప్ప.