నా తప్పుల పట్టికలో జల్దక్క

ఆ రోజుల్లో నన్ను నేను బాగుచేసుకోవాలన్న పిచ్చి ఒకటి నాకు గట్టిగా పట్టింది. ఇరవై రెండేళ్లు, చేతిలో కొత్త ఉద్యోగం, ఫోన్‌లో రోజుకో ఉపన్యాసం. పొద్దున ఐదుకి లేవాలి, చన్నీళ్లు పోసుకోవాలి, రోజుకు పది ఇంగ్లీషు మాటలు నేర్చుకోవాలి, ఐదేళ్లలో మేనేజర్‌ని కావాలి అని రంగురంగుల కాగితాల మీద రాసి గదిలో ఉన్న ఒక్క అద్దానికీ అంటించాను. చివరికి అద్దంలో బొట్టు పెట్టుకునేంత జాగా మాత్రం మిగిలింది. (ఐదుకి లేచింది మొత్తం నాలుగు రోజులు. అందులో ఒక రోజు బల్లి మీద పడితే లేచాను.) ఆ గదిలో నాతో కిరాయి పంచుకునే అక్క ప్రతి ఉదయం దువ్వెన పట్టుకుని నిలబడి అరిచేది. "ఏమే, నీ లక్ష్యాలు జర పక్కకు జరుపు. జడ ఏస్కోవాలె. నువ్వు మేనేజర్ అయ్యేదాంక నేను జుట్టు ఇరబోస్కొని తిరగాల్నా?"

మాది భువనగిరి దగ్గర పల్లె. బాపు గొర్లు కాస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. కెమిస్ట్రీ చదివి, చౌటుప్పల్ పక్కన ఒక మందుల కంపెనీలో, తయారైన మందుల్ని పరీక్షించే ల్యాబ్‌లో చేరాను. అక్కడ మాకు మొదటి రోజే నేర్పిన పాఠం ఒకటి ఉంది. రాయనిది జరగనట్టే లెక్క. ఏ పని చేసినా రిజిస్టర్‌లో తేదీ, సమయం వేసి రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, ఒకే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. ఆ పద్ధతి నాకెంత నచ్చిందంటే, కిరాణా కొట్టుకిచ్చే చీటీలో ఉల్లిగడ్డ వద్దనుకుంటే దానికీ ఒక గీత, సంతకం, తేదీ. కొట్టాయన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి "ఏంది బిడ్డా, ఉల్లిగడ్డకు రిజిస్ట్రీ చేస్తున్నవా?" అన్నాడు.

నాకు పని నేర్పింది నా గదిలో ఉండే ఆ అక్కే. ల్యాబ్‌లో అందరూ ఆమెను జల్దక్క అనేవాళ్లు, నోరు తెరిస్తే జల్ది జల్ది అని తొందరపెడుతుందని. తినడం జల్ది, నడవడం జల్ది, నవ్వడం కూడా జల్దే, మనకు జోకు అర్థమయ్యేలోపు ఆమె నవ్వి ముగించేది. పనిలో మాత్రం ఆమె చెయ్యి తప్పడం నేను చూడలేదు. ఆమెకు మూడేళ్ల బిడ్డ ఉంది. భర్త వదిలేసి వెళ్లిపోతే బిడ్డను హుజూర్‌నగర్‌లో తన తల్లి దగ్గర ఉంచి, రెండేళ్లుగా కాంట్రాక్ట్ మీద పనిచేస్తోంది. వారానికి ఒక్క ఆదివారం బిడ్డ దగ్గర. పర్మినెంట్ అయితే బిడ్డను చౌటుప్పల్ తెచ్చుకోవాలని ఆమె ఆశ. మా వీధి చివర ఒక చిన్న ఇల్లు కూడా చూసి పెట్టుకుంది. సాయంత్రం అటుపక్క నడిచినప్పుడల్లా ఆ ఇంటి గడప చూపించి, "గీ మెట్లు ఎత్తున్నయే, పిల్ల దుంకుతది" అని ఫికర్ పడేది. ఇంకా తన చేతికి రాని ఇంటి మెట్ల గురించి అంత భయమేమిటా అని నేను నవ్వేదాన్ని.

ఇక ఆ శనివారం సంగతి. మా దగ్గర శాంపిల్ తూచేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు తూచాలి, ఇంకొకరు పక్కన నిలబడి కళ్లతో చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ సాయంత్రం నేను అవతల గాజు సామాను కడుగుతున్నాను. జల్దక్క మూడు శాంపిళ్లు తూచి, రిజిస్టర్ తెచ్చి నా తడి చేతుల ముందు పెట్టింది.

"పెట్టవే సంతకం. బస్సు పోతాంది."

"నేను చూడలేదు గదక్కా."

"నేను తూస్తె ఎన్నడన్న తప్పచ్చిందానే? గీ బస్సు పోతే మళ్ల రాత్రికే. పోయేసరికి పిల్ల పండుకుంటది. జల్ది పెట్టు."

చెయ్యి తుడుచుకుని పెట్టాను. ఆమె చెప్పులు సగం తొడుక్కునే పరిగెత్తింది. సోమవారం వచ్చి, బిడ్డ తన కోసం వాకిట్లోనే కూచుని ఉందని, వీధి మలుపులోనే గుర్తుపట్టి ఉరికొచ్చిందని పదిసార్లు చెప్పింది.

ఆ తర్వాత నెలకు కంపెనీవాళ్లు హైదరాబాద్ నుంచి ఒక వ్యక్తిత్వ వికాసం సారును పిలిపించారు. మే నెల ఎండలో కోటు వేసుకొచ్చాడు కాబట్టి మాకు ఆయన కోటు సారు. పర్మినెంట్ చేసే ముందు అందరి చేతా ఆత్మపరిశీలన చేయించడం ఆయన పని. నాలుగు పేజీల ఫారం ఇచ్చాడు. "ఏకాంతంగా కూచుని మీ లోపలికి మీరు దిగండి. దాచుకున్నది పైకి తీయండి. మిమ్మల్ని ఎరిగిన వాళ్లను మీ లోపాలు అడగండి" అన్నాడు. మిగతావాళ్లు క్యాంటీన్‌లో సమోసాలు అయిపోతాయేమో అని తలుపువైపు చూస్తున్నారు. నాకేమో ఒళ్లు పులకరించింది. (నాకు ఆ రోజు సమోసా దొరకలేదు.)

ఆ సాయంత్రమే బాపుకు ఫోన్ చేసి నా లోపాలు చెప్పమన్నాను.

"ఏమైంది బిడ్డా? ఎవడేమన్నడు?" అన్నాడు కంగారుగా.

"ఎవరేమన్లే బాపు. కంపెనీల రాసియ్యాలె. నాల ఏం తక్కువున్నదో చెప్పు."

గొర్లను అదిలించి మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. వెనక గొర్ల అరుపులు వినిపిస్తున్నాయి. "మన జీవానికి మనమే వంక పెడ్తమానే? సంతల కొనేటోడు పెడ్తడు వంక. పల్లు చూస్తడు, కాలు చూస్తడు. గది ఆని పని. నువ్వెందుకు ముంగటవడి చెప్తవ్?"

"అట్ల కాదు బాపు, ఇది ఆత్మపరిశీలన."

"ఏదన్న గానీ. రాస్తే నీది రాస్కో, మందలున్న ఇంకోదాన్ని చూపియ్యకు" అన్నాడు. ఫోన్ లాక్కుని అమ్మ మాత్రం నా లోపాలు ఆగకుండా చెప్పింది. పన్నెండు వరకు రాసుకున్నాను, బ్యాలెన్స్ అయిపోయింది.

మరునాడు ల్యాబ్‌లో అందరూ పది నిమిషాల్లో ఫారం నింపేశారు. "నా లోపం: నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అని. అందరిదీ అదే లోపం, అక్షరదోషాలు కూడా అవే. జల్దక్క "తొందర ఎక్కువ" అని రాసి, తనే నవ్వుకుని, సంతకం పెట్టేసింది. నేను మాత్రం ఫారం ఇంటికి తెచ్చుకుని, చాలక అదనపు కాగితాలు కుట్టి, పదిహేడు లోపాలు రాశాను. దువ్వెన కడగకపోవడం దగ్గర మొదలుపెట్టాను. పదకొండోది ఇలా ఉంది: పక్కన ఉండి చూడకుండా తూకానికి సంతకం పెట్టడం. రాయనిది జరగనట్టే కదా, అందుకని తేదీ రాశాను. సమయం రాశాను. రిజిస్టర్ పేజీ సంఖ్య రాశాను. తూచినవారు అన్నచోట జల్దక్క పేరు రాశాను.

ఆమె అదే గదిలో, నాకు మూడడుగుల దూరంలో, బిడ్డ గౌనుకు గుండీ కుడుతోంది. "ఏం రాస్తున్నవే గంతగనం, రామాయణమా?" అంది. చెప్పలేదు. ఆత్మపరిశీలన ఏకాంతంలో చేయాలని కోటు సారు అన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఫారం ఇచ్చిన నాలుగు రోజులకు మమ్మల్ని ఇద్దరినీ మేనేజర్ సారు పిలిచాడు. ఆయన నా కాగితాలు ముందు పెట్టుకుని, పదకొండో అంశం మీద వేలు పెట్టి, జల్దక్కను అడిగాడు. "ఇది నిజమేనా అమ్మా?" ఆమె కాగితం వైపు చూసింది. నా అక్షరాలు గుర్తుపట్టింది. నావైపు చూడలేదు. "నిజమే సార్" అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడగా వినడం నాకు అదే మొదలు. ఆ మూడు శాంపిళ్లను మళ్లీ తూచి, మళ్లీ పరీక్షించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మందుల కంపెనీలో రాతకు ఉన్న విలువ మనిషికి ఉండదు. నాకు హెచ్చరిక పత్రం ఇచ్చారు. ఆమె కాంట్రాక్ట్ ఆ నెలతో ఆపేశారు.

గదిలో ఆమె బట్టలు సర్దుకుంటుంటే నేను గోడకానుకుని ఏడుస్తున్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "చెయిర్ మీదున్న నా తువ్వాల ఇటియ్యి" అంది. ఇచ్చాను. అంతే. ఆటో ఎక్కేటప్పుడు వీధి చివర ఇంటివైపు చూస్తుందేమో అని భయపడ్డాను. చూడలేదు. ఆ తర్వాతి సమావేశంలో కోటు సారు నన్ను లేపి నిలబెట్టి, నిజాయితీ అంటే ఇదీ అని అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ఇంకో మూడు నెలలకు, ఖాళీ అయిన ఆ చోటులోనే నన్ను పర్మినెంట్ చేశారు.

రెండేళ్లు పట్టింది నాకు హుజూర్‌నగర్ బస్సెక్కడానికి. అప్పటికి నా పెళ్లయి, ఆరో నెల కడుపుతో ఉన్నాను. ఆమె అక్కడ ఒక బడిలో సైన్సు చెబుతోందని తెలిసి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అరుగు మీద కూచుని నోటుపుస్తకాలు దిద్దుతోంది. నన్ను చూసి లేచి, ముందు నా కడుపు చూసి, "గింత ఎండల ఎందుకచ్చినవే, అక్లుందా?" అని లోపలికి తీసుకెళ్లి నీళ్లిచ్చింది. ఐదేళ్ల బిడ్డ ఆమె కొంగు వెనక నుంచి నన్ను చూస్తోంది. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటే బయటికి వచ్చింది.

"అక్కా, నీకు అన్యాయం చేసిన."

"నువ్వు రాసింది అబద్ధమా?"

"కాదు."

"మరి ఏడుస్తవేందే?" చేతిలోనే ఉండిపోయిన నోటుపుస్తకం మూసి అంది. "ఒక్క మాట నాకు చెప్పకపోతివి. మూడడుగుల దూరంల కూసున్న. అక్కా, గిది రాస్తున్న అంటే, నా కాయిదంల నేనే రాసుకుందును గద. నా తప్పు నన్ను చెప్పుకోనియ్యకపోతివి."

  తిరుగు బస్సు ఎక్కించేటప్పుడు, "ఒట్టి మనిషివి గావు, మెల్లగ నడువు" అంది. ఆమె నోట ఆ మాట విని మేమిద్దరం ఒకేసారి నవ్వాం. కిటికీ పక్కన కూచున్నాక ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నా పాపకు పద్నాలుగు నెలలు. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, గంటకోసారి నుదురు తడిమి చూస్తాను. మందు సీసా పట్టుకుని, ఎక్కడో ఎవరో దీన్ని తూచి ఉంటారు, పక్కన ఇంకొకరు నిలబడి కళ్లతో చూసే ఉండాలి దేవుడా అనుకుంటూ చెంచాలో పోస్తాను. కాబట్టి ఆ పదకొండో లోపం రాయడం తప్పని ఈనాటికీ అనలేను. కానీ ఎందుకు రాశానని నన్ను నేను అడిగితే, మందు తాగబోయే ఏ బిడ్డా ఆ రోజు నా మనసులో లేదు. పదిహేడు లోపాలు ఒప్పుకున్న పిల్ల ఎంత గొప్పది అని కోటు సారు అనుకోవాలి, అంతే. నాలుగు పేజీల ఫారంలో, కుట్టిన అదనపు కాగితాల్లో, ఆ ఒక్క లోపమే లేదు.

పొడిగించుకుంటూ వచ్చిన సెలవు అయిపోయి, ఉద్యోగంలో మళ్లీ చేరే రోజు దగ్గరపడింది. పగలంతా పాపను మా అత్తమ్మ చూసుకుంటుంది. సాయంత్రం ఐదు దాటితే నేనూ సగం చెప్పులతో పరిగెత్తుతానని నాకు తెలుసు. ఆ పరుగు ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్ల ఆ పిల్లకు, అప్పటి నాకు, తెలియదు. ఆ పిల్లను తలుచుకుంటే గట్టిగా తిట్టాలనే కూచుంటాను. తీరా చూస్తే నాలుక కొంచెం బయటపెట్టి, గీత తప్పకుండా, గుండ్రటి అక్షరాలతో, తనంత నిజాయితీపరురాలు జిల్లాలోనే లేదన్న ధీమాతో రాసుకుపోతూ కనిపిస్తుంది. పాపం, తల ఎత్తి పక్కకు ఒక్కసారి చూడవే పిల్లా అనాలనిపిస్తుంది. నవ్వొస్తుంది, ఆ వెంటనే ఇంకేదో వస్తుంది.