చింతచెట్టు మీది బాలింతలు

రెండో ప్రపంచ యుద్ధపు రోజులవి. నెక్కొండ దగ్గర మా అత్తగారింటి పెరట్లో చింతచెట్టు మీద ఏటా ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టేవి. ఊళ్లో వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలనేవారు. వాటి పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు కాయ దులపకూడదు. నేనేమో నిండు గర్భిణిని. నోరు పులుపు కోసం కొట్టుకుపోతుంటే, కళ్లెదుటే కాయలు ఎండిపోయేవి.

ఆ ఏడే మా ఆడపడుచు కూడా కాన్పుకొచ్చింది. ఆమెకు తలంటు, నెయ్యి అన్నం, మధ్యాహ్నం కునుకు. నాకు రోలూ రోకలీ. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా ఎవరికైనా! నన్ను మాత్రం నర్సంపేటకు పంపుదామని ఎవరూ అనలేదు. అమ్మ పోయినా అక్కడ నాన్న ఉన్నాడు, నేను పుట్టిన ఇల్లుంది. ఆడపడుచు మీద ఏడ్చాను, సరే. ఆఖరికి కొంగల మీద కూడా ఏడ్చాను.

ఒక పొద్దున పెద్ద గద్ద ఒకటి గూటి మీద పడింది. తల్లి కొంగ రెక్కలు చాపి పిల్లలను కప్పుకుంది. ముక్కు పొడుగే గానీ ఆ గోళ్ల ముందు ఏం పనికొస్తుంది? రెండూ పెనుగులాడుతూ కొమ్మల్లోంచి జారాయి. మా అత్త ఇత్తడి పళ్లెం మోగిస్తూ పరుగెత్తింది. గద్ద లేచిపోయింది. కొంగ నెత్తురోడుతూ నేల మీద పడింది.

"పసుపు తే, జల్ది!" అని నన్ను కేకేసి, కొంగను ఒళ్లోకి తీసుకుంది. "బుగులు పడకు బిడ్డా, తల్లిగారింట్లనే ఉన్నవ్."

నాకు ఒళ్లు మండిపోయింది. పసుపు తెచ్చి ఆమె ముందు పెట్టి, అడిగేశాను.

"కొంగకు సుత తల్లిగారిల్లున్నది. నన్నెందుకు తోలరు అత్తమ్మా?"

ఆమె తలెత్తలేదు. రెక్కకు పసుపు అద్దుతూనే అంది. "మీ నాయిన తోల్కపోతనన్నడు. నేనే వద్దన్న. తల్లి లేని ఇంట్ల నిన్నెవ్వలు చూస్తరే? గద్దొస్తే పళ్లెం కొట్టేదెవ్వలు?"

ఆ సాయంత్రం ఎవరి చెట్టువో గాని, గుప్పెడు చింతకాయలు తెచ్చి నా చేతిలో పోసింది.

ఇద్దరి కాన్పులూ ఆ ఇంట్లోనే అయ్యాయి. నాకూ తలంటు పోసింది, నెయ్యి అన్నం పెట్టింది, ఏ లోటూ చేయలేదు. ఎండాకాలంలో కొంగలు ఎగిరిపోయాయి. ఆడపడుచు కూడా బయలుదేరింది. చీర దొరకడమే గగనమైన ఆ రోజుల్లో అత్త ఆమెకు కొత్త చీర కట్టించి, కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు పోసే ఒడిబియ్యం పోసి బండెక్కించింది. నాకు పోయలేదు. ఎలా పోస్తుంది? కాన్పయ్యాక నేను వెళ్లాల్సిన అత్తిల్లు కూడా అదే.

ఇప్పటికీ ఎవరి ఒళ్లోనైనా ఆ బియ్యం పోస్తుంటే నేను అక్కడ నిలబడలేను.